అమెరికాలో ఎంఎస్ చేస్తూ సమ్మర్ ఇంటర్న్‌షిప్ పట్టేదెలా

ఆగస్టులో శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కేటప్పుడు నా రెండు సూట్‌కేసుల్లో ప్రెషర్ కుక్కర్, ఆవకాయ, ఏడాదికి సరిపడా జ్వరం మాత్రలు, అమ్మ చివరి నిమిషంలో కుక్కిన కందిపొడి ఉన్నాయి. రెజ్యూమె మాత్రం లేదు. అంటే ఉంది గానీ, అది బీటెక్ ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్ల కోసం చేసిన మూడు పేజీల సరుకు. నాన్న పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ సైజు ఫోటో, చివర్లో పైవన్నీ నిజమేనంటూ ఒక డిక్లరేషన్. ముందు సెటిలవుదాం, ఒక సెమిస్టర్ అయ్యాక ఇంటర్న్‌షిప్ సంగతి చూద్దాం అనుకున్నాను. జనవరిలో తీరిగ్గా లాప్‌టాప్ తెరిస్తే పెద్ద కంపెనీల పోస్టింగులు చాలావరకు మూసేసి ఉన్నాయి. చివరికి మార్చి నెలాఖరులో ఒక చిన్న కంపెనీలో దొరికింది. నాకన్నా బాగా కోడ్ రాసే మా రూమ్మేట్‌కి ఆ సమ్మర్ ఏమీ దొరకలేదు, ఎందుకంటే వాడు నాకన్నా ఇంకో నెల ఆలస్యంగా మొదలెట్టాడు. తెలివితేటల తేడా ఏమీ లేదు, క్యాలెండర్ తేడా అంతే. అందుకే కింద రాసిందంతా ఎక్కువగా తేదీల చుట్టూనే తిరుగుతుంది. విసుగనిపించినా చదవండి.

ఇదంతా ఎఫ్-1 వీసా మీద ఎంఎస్‌కి వచ్చిన, వస్తున్న కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ వాళ్ళ కోసం. బీటెక్ అమెరికాలోనే చేస్తున్నవాళ్ళకీ చాలావరకు వర్తిస్తుంది.

ముందు క్యాలెండర్

సమ్మర్ ఇంటర్న్‌షిప్ అంటే సాధారణంగా మే మధ్యలోనో జూన్ మొదట్లోనో మొదలై ఆగస్టులో అయిపోయే 10 నుంచి 12 వారాల పని. పెద్ద కంపెనీలు దానికి పోస్టింగులు పెట్టేది అంతకు ముందు ఏడాది జూలై, ఆగస్టుల్లో. సెప్టెంబర్, అక్టోబర్లలో జోరు మీద ఉంటుంది. అంటే మీరు బ్యాంకు లోన్ శాంక్షన్ కోసం, వీసా స్లాట్ కోసం తిప్పలు పడుతున్న రోజుల్లోనే, ఇంకా యూనివర్సిటీ గేటు కూడా చూడకముందే, వచ్చే సమ్మర్ ఉద్యోగాలు బయటికొచ్చేస్తున్నాయన్నమాట. యూనివర్సిటీలో కెరీర్ ఫెయిర్ కూడా చాలాచోట్ల సెప్టెంబర్‌లోనే. అప్పటికి మనం ఇంకా ఏ స్టోర్లో బియ్యం చవక అని వెతుక్కుంటూ ఉంటాం.

కాబట్టి ఒక పేజీ రెజ్యూమె ఇండియాలో ఉండగానే తయారు చేసుకోండి. లింక్డ్‌ఇన్ సరిచేసుకోండి. కోడింగ్ ప్రాక్టీస్ సైట్ లీట్‌కోడ్‌లో రోజుకి రెండు ప్రాబ్లమ్స్ చేసే అలవాటు మే నెలలోనే మొదలెట్టండి, ఎందుకంటే ఇక్కడికొచ్చాక అసైన్‌మెంట్లు, ఆన్-క్యాంపస్ ఉద్యోగం, వంట, గిన్నెలు, వీటి మధ్య కొత్త అలవాట్లేవీ పుట్టవు.

జనవరిలో, అంటే స్ప్రింగ్‌లో వచ్చేవాళ్ళ సంగతి వేరు. మామూలుగా ఒక పూర్తి అకడమిక్ ఇయర్ చదివితేగానీ బయట పనిచేసే అనుమతి రాదు, కాబట్టి మీ మొదటి సమ్మర్ చాలావరకు చేజారిపోయినట్టే. బాధపడకండి. ఆ సమ్మర్లో ప్రొఫెసర్ దగ్గర క్యాంపస్‌లోనే పని చూసుకుని, అదే ఆగస్టులో తర్వాతి ఏడాదికి అప్లై చేయడం మొదలెడితే, ఫాల్‌లో (ఆగస్టు సెమిస్టర్లో) కొత్తగా దిగినవాళ్ళకన్నా మీ రెజ్యూమెలోనే బరువుంటుంది. కాకపోతే మీ డిగ్రీ ఆ సమ్మర్‌కి ముందే అయిపోకుండా కోర్సులు ప్లాన్ చేసుకోవాలి. దీన్ని అడ్వైజర్‌తో మొదటి సెమిస్టర్లోనే మాట్లాడండి.

సీపీటీ అంటే ఏమిటి, ఎక్కడ దెబ్బతింటారు

చదువుతూ ఉండగా బయటి కంపెనీలో పనిచేయడానికి ఎఫ్-1 వాళ్ళు మామూలుగా వాడే దారి సీపీటీ (కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్). దీన్ని ఇచ్చేది యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉండే డీఎస్ఓ, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి. ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి ఫీజు కట్టి అప్లికేషన్ పంపే పని లేదు. ఆఫర్ లెటర్ తెచ్చుకుని, డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్న్‌షిప్ కోర్సుకి రిజిస్టర్ చేసుకుంటే (చాలాచోట్ల ఒక క్రెడిట్, ఆ క్రెడిట్‌కి ఫీజు మనమే కట్టాలి, ఇది లోన్ లెక్కలో ఎవరూ వేసుకోరు), డీఎస్ఓ కొత్త ఐ-20 (మన విద్యార్థి హోదాని చూపించే కాగితం) ఇస్తారు. దాని రెండో పేజీలో కంపెనీ పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఫుల్ టైమా పార్ట్ టైమా అన్నీ రాసి ఉంటాయి. మీకున్న అనుమతి ఆ నాలుగు వివరాల వరకే. తేదీకి ఒక్కరోజు ముందు పనిచేసినా, ముగిసిన తర్వాత ఒక్కరోజు ఎక్కువ చేసినా, వేరే కంపెనీకి చేసినా అది అనుమతి లేని పనే.

నా ఐ-20లో మే 19 అని ఉంది. మేనేజర్ మంచివాడు, 12 నుంచే వచ్చెయ్, టీమ్ లంచ్ ఉంది, లాప్‌టాప్ కూడా రెడీగా ఉంది అన్నాడు. కుదరదని చెప్పడానికి నాకు గంట పట్టింది, మెయిల్ నాలుగుసార్లు రాసి చెరిపాను. కుదరదనే చెప్పాను, ఆయన పెద్దగా పట్టించుకోలేదు కూడా. వాళ్ళకి ఈ రూల్స్ తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. తెలియాల్సింది మనకి.

ఇంకో లెక్క. ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వాడేస్తే, అదే డిగ్రీ మీద వచ్చే 12 నెలల ఓపీటీ, అంటే డిగ్రీ అయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి, పోతుంది. ఓపీటీ పోతే దాని మీద వచ్చే 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్ (సైన్స్, టెక్నాలజీ డిగ్రీలకిచ్చే పొడిగింపు) కూడా పోయినట్టే. ఒక సమ్మర్‌కి మూడు నెలలు, అవసరమైతే రెండో సమ్మర్‌కి ఇంకో మూడు నెలలు, ఏ ఇబ్బందీ లేదు. వారానికి 20 గంటలు, అంతకు లోపు చేసే పార్ట్ టైమ్ సీపీటీ ఆ 12 నెలల లెక్కలోకి రాదు.

"డే-1 సీపీటీ" అని చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఊరించే కాలేజీల గురించి వినే ఉంటారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ కథ మన రెండు రాష్ట్రాల్లో చాలా ఇళ్ళని కుదిపేసింది. అది అసలు యూనివర్సిటీయే కాదు, ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లు వల పన్ని నడిపిన ఉత్తుత్తి సంస్థ. వంద మందికి పైగా విద్యార్థులు అరెస్టయ్యారు, వాళ్ళలో భారతీయులే ఎక్కువ. క్లాసులు లేకుండా ఉద్యోగానికి కాగితం ఇస్తామన్న చోటికి వెళ్ళొద్దని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి.

అప్లై చేయడం

యూనివర్సిటీ లాగిన్‌తో హ్యాండ్‌షేక్ అనే జాబ్ పోర్టల్ ఉంటుంది, అందులో మీ యూనివర్సిటీ వాళ్ళనే వెతుక్కుంటూ వచ్చే కంపెనీలు ఉంటాయి, పోటీ తక్కువ. గిట్‌హబ్‌లో విద్యార్థులే నడిపే సమ్మర్ ఇంటర్న్‌షిప్ లిస్టులు ఉంటాయి, కొత్త పోస్టింగులు అందులో త్వరగా పడతాయి. లింక్డ్‌ఇన్ అందరికీ తెలిసిందే. కానీ అక్కడ వేల మంది ఒకే బటన్ నొక్కుతుంటారు కాబట్టి, ఉద్యోగం అక్కడ చూసినా అప్లికేషన్ మాత్రం కంపెనీ సొంత సైట్లో పెట్టండి. పోస్టింగ్ పడిన మొదటి రెండు రోజుల్లో పెట్టిన అప్లికేషన్‌కీ, రెండు వారాల తర్వాత పెట్టినదానికీ చాలా తేడా ఉంటుందని నా అనుభవం. నేను పెట్టినవి 240 దాకా ఉంటాయి, ఎక్సెల్ షీట్లో రాసుకున్నాను. అందులో టెస్టు లింకు పంపినవి 19, ఇంటర్వ్యూ దాకా వెళ్ళినవి నాలుగు, ఆఫర్ ఒకటి. రోజూ పొద్దున్నే "అన్‌ఫార్చునేట్లీ" అనే మాటతో నిద్రలేవడం అలవాటైపోతుంది.

రెజ్యూమె ఒకే పేజీ. ఫోటో, పుట్టిన తేదీ, పెళ్ళయిందా లేదా, ఇవేవీ అక్కర్లేదు. ఇండియాలో రెండేళ్ళు ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళు చాలామంది టీమ్ ఏం చేసిందో రాస్తారు. మీరేం చేశారో రాయండి, ఎంత తగ్గించారు, ఎంత పెంచారు, ఎంతమంది వాడారు. బీటెక్‌లో నలుగురు కలిసి చేసిన "ఆన్‌లైన్ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్"ని మాత్రం దయచేసి తీసేయండి, అది ఎవరు చేశారో మన అందరికీ తెలుసు.

ప్రతి అప్లికేషన్లో రెండు ప్రశ్నలు కచ్చితంగా వస్తాయి. ఒకటి, అమెరికాలో పనిచేయడానికి మీకు అనుమతి ఉందా. రెండోది, ఇప్పుడు గానీ ముందు ముందు గానీ వీసాకి కంపెనీ స్పాన్సర్‌షిప్ కావాలా. మా కెరీర్ సెంటర్ వాళ్ళు చెప్పిన ప్రకారం ఇంటర్న్‌షిప్ మొదలయ్యే నాటికి సీపీటీ వచ్చేస్తుంది కాబట్టి మొదటిదానికి అవునని, ముందు ముందు హెచ్-1బీ ఉద్యోగ వీసా కావాలి కాబట్టి రెండోదానికీ అవునని పెట్టాను. మీ కెరీర్ సెంటర్ వాళ్ళని కూడా ఒకసారి అడిగి పెట్టండి. రెండోదానికి కాదని అబద్ధం పెడితే ఆ రోజుకి ఇంటర్వ్యూ వస్తుందేమో గానీ, ఆఫర్ చేతికొచ్చాక దాన్ని వెనక్కి తీసుకుంటే ఏడవడానికి కూడా టైమ్ ఉండదు. చిన్న కంపెనీలు వీసా అనే మాట వినగానే భయపడతాయి. వాళ్ళకి రిక్రూటర్ ఫోన్లోనే ఒక ముక్క చెప్పండి: సీపీటీకి కంపెనీ ఒక్క డాలర్ కట్టక్కర్లేదు, ప్రభుత్వానికి ఏ అప్లికేషనూ వేయక్కర్లేదు, ఆఫర్ లెటర్ ఇస్తే చాలు అని. నాకు వచ్చిన ఆ ఒక్క ఆఫర్ ఈ ఒక్క ముక్కతోనే నిలబడింది.

రిఫరల్, అంటే కంపెనీలో ఉన్నవాళ్ళ సిఫార్సు, అడగడానికి మొహమాటపడతాం మనం, లేకపోతే మరీ మొహమాటం లేకుండా "హాయ్ అన్నా, రిఫర్ మీ" అని రెజ్యూమె పడేస్తాం. రెండూ పనిచేయవు. ఏ పోస్టింగో జాబ్ ఐడీతో సహా, దానికి మీరెందుకు సరిపోతారో మూడు లైన్లలో రాసి, మీ కాలేజీ సీనియర్లని అడగండి. వాళ్ళకి కాపీ పేస్ట్ చేసే పని తప్ప ఇంకేం మిగలకూడదు. సగం మంది జవాబివ్వరు, అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకి రోజూ ఇలాంటివి 20 వస్తాయి.

కన్సల్టెన్సీల ఫోన్లు కూడా వస్తాయి. మీ మార్కెటింగ్ మేం చేస్తాం, నాలుగేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెడతాం, ఇంటర్వ్యూలో మా వాడు ప్రాక్సీ ఇస్తాడు అంటారు, తియ్యటి తెలుగులో అంటారు. ఫోన్ పెట్టేయండి. రెజ్యూమెలో పెట్టిన ఆ అబద్ధం ఓపీటీలో, హెచ్-1బీలో, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో, వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు మళ్ళీ మళ్ళీ ఎదురుపడుతుంది.

ఇంటర్వ్యూ

ఐదుగురం రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. నా మొదటి వీడియో ఇంటర్వ్యూ మధ్యాహ్నం పన్నెండున్నరకి. నేను గ్రాఫ్ ప్రాబ్లమ్ చదువుతుండగా వెనకాల కుక్కర్ విజిల్ వేసింది. ఇంటర్వ్యూ చేసేవాడు ఉలిక్కిపడి అది ఫైర్ అలారమా, నువ్వు బయటికెళ్ళాలా అని అడిగాడు. పప్పు అని చెప్పాను. తర్వాత రెండో విజిల్, మూడో విజిల్. నా బుర్రలో ఉన్న బీఎఫ్ఎస్ అల్గారిదమ్ అంతా ఆవిరైపోయింది. ఆ తర్వాత నుంచి లైబ్రరీలో స్టడీ రూమ్ రెండు వారాల ముందే బుక్ చేసుకునేవాణ్ణి. ఉచితం, ఇంటర్నెట్ బాగుంటుంది, పప్పు ఉడకదు.

మనవాళ్ళలో ఇంకో అలవాటు ఉంది, ప్రశ్న వినగానే మౌనంగా ఆలోచించి, పది నిమిషాల తర్వాత మొత్తం కోడ్ ఒకేసారి రాసేయడం. పరీక్షల్లో అలా పెరిగాం కదా. ఇక్కడ ఆ పది నిమిషాల మౌనంలోనే సగం మార్కులు పోతాయి. ఇన్‌పుట్ ఖాళీగా ఉంటే ఏం చేయాలో అడగండి, ముందు తోచిన మామూలు పద్ధతి చెప్పండి, అదెందుకు నిదానమో చెప్పండి, అప్పుడు మెరుగుపెట్టండి. ఇదంతా పైకి మాట్లాడుతూనే. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో చెప్పడం మొదట్లో నత్తనడకే, రూమ్మేట్‌ని ఎదురుగా కూర్చోబెట్టి పది ప్రాబ్లమ్స్ పైకి చెప్తూ చేస్తే సర్దుకుంటుంది. సార్, మేడమ్ అనొద్దు, పేరు పెట్టి పిలవండి. నాకు మూడు వారాలు పట్టింది నోరు తిరగడానికి.

ఆఫర్ వచ్చాక

ఆఫర్ లెటర్‌లో ఉద్యోగం పేరు, అడ్రస్, వారానికి ఎన్ని గంటలు, మొదలు, ముగింపు తేదీలు, అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని అదే రోజు డీఎస్ఓ పోర్టల్లో పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆఫీసులో మన రేషన్ షాపు ముందు ఉన్నంత క్యూ ఉంటుంది, రెండు వారాలు పట్టినా ఆశ్చర్యపోకండి. క్యాంపస్ ఉద్యోగం చేయనివాళ్ళకి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు. సీపీటీ ఉన్న ఐ-20, పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఆఫర్ లెటర్ పట్టుకుని దానికోసం సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళాలి, అదీ ఉద్యోగం మొదలయ్యే తేదీకి 30 రోజుల లోపే తీసుకుంటారు. చేరాక మూడు పనిదినాల్లో పని అనుమతిని చూపించే ఐ-9 ఫారం పూర్తవ్వాలి, దానికి కూడా ఈ కాగితాలే. ఒరిజినల్స్ వెంట తీసుకెళ్ళండి, వేరే రాష్ట్రానికి వెళ్ళి ఐ-20 రూమ్‌లోనే మర్చిపోయినవాణ్ణి చూశాను.

డబ్బు సంగతి ఎవరూ ముందు చెప్పరు. చాలాచోట్ల జీతం రెండు వారాలకోసారి, మొదటిది చేతికొచ్చేసరికి చేరి మూడు వారాలు కావచ్చు. కొత్త ఊళ్ళో డిపాజిట్, మొదటి నెల అద్దె, ఫ్లైట్ టికెట్ అంతకు ముందే కట్టాలి. కంపెనీ ఇచ్చే రీలొకేషన్ డబ్బులోనూ టాక్స్ కోత పడుతుంది. అందుకని మార్చి నుంచే కొంత పక్కన పెట్టుకోండి, మీ బెడ్ స్పేస్‌ని ఆ మూడు నెలలకి ఎవరికైనా సబ్‌లీజ్‌కి ఇచ్చేయండి. మీరు ఉండబోయే రూమ్ కూడా సబ్‌లీజే చూసుకోండి, ఆ ఊరి యూనివర్సిటీ విద్యార్థుల గ్రూపుల్లో, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మే నెలకి బోలెడు ఖాళీలు వస్తాయి. వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించకుండా, లీజు కాగితం చూపించకుండా డిపాజిట్ పంపమన్నారంటే అది మోసమే అనుకోండి. కారు లేకపోతే అద్దె కన్నా బస్ స్టాప్ దూరం ముందు చూడాలి. డాలస్ చుట్టుపక్కల 50 డాలర్లు తక్కువని దూరంగా తీసుకున్నవాళ్ళు ఊబర్‌కి 300 పెడుతుంటారు.

పనిలో

దీని గురించి ఎక్కువ చెప్పను, మంచి టీమ్ అయితే వాళ్ళే చెప్తారు. ఒక్కటి మాత్రం. 12 వారాలు అంటే మూడు వారాలు సెటప్‌లో, రెండు వారాలు చివరి ప్రెజెంటేషన్‌లో పోతాయి, అసలు పనికి దొరికేది ఏడు వారాలే. ఒక ఎర్రర్ దగ్గర రెండు రోజులు కూర్చుని మనమే కనుక్కున్నామని గర్వపడే తీరిక లేదు. 40 నిమిషాలు ప్రయత్నించండి, ఏమేం ప్రయత్నించారో రాసి అడిగేయండి. మళ్ళీ పిలుస్తారా, అంటే రిటర్న్ ఆఫర్ ఉంటుందా అనే మాట ఆరో వారంలో మేనేజర్‌ని నేరుగా అడగొచ్చు, ఇక్కడ దాన్ని ఎవరూ అతి అనుకోరు. ఇంకా ఏం మెరుగుపడాలో చెప్తారు, సరిదిద్దుకోవడానికి నెల ఉంటుంది.

టాక్సులు

చేరిన రోజు జీతంలో టాక్స్ ఎంత కోయాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారం ఇస్తారు. పెళ్ళయినా కాకపోయినా సింగిల్ అనే పెట్టాలి, 4(సి) గడి కింద నాన్‌రెసిడెంట్ ఏలియన్ అని రాయాలి. ఏప్రిల్ 15 లోపు 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్ల టాక్స్ రిటర్న్), దాంతోపాటు ఫారం 8843 ఫైల్ చేయాలి. మామూలు టర్బోటాక్స్‌లో చేయొద్దు, అది రెసిడెంట్ల ఫారం నింపేస్తుంది. మనకి ఒక వెసులుబాటు ఉంది, వేరే దేశాల విద్యార్థులకి మామూలుగా లేనిది: భారత్-అమెరికా టాక్స్ ఒప్పందంలో ఆర్టికల్ 21 ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో టాక్స్ పడని భాగం) తీసుకోవచ్చు. 2024 ఆదాయానికైతే అది 14,600 డాలర్లు, ఒక సమ్మర్ జీతంలో పెద్ద భాగం అందులోనే కొట్టుకుపోతుంది. చదివేది టెక్సస్‌లో, ఇంటర్న్‌షిప్ కాలిఫోర్నియాలో అయితే కాలిఫోర్నియాకి వేరేగా స్టేట్ రిటర్న్ కూడా పెట్టాలి.

ఇంకొకటుంది. ఎఫ్-1 మీద వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మనకి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండకూడదు, రెండూ కలిపి 7.65 శాతం. నాకు గంటకి 32 డాలర్లు. మొదటి పే స్టబ్ (జీతం చీటీ) వచ్చినప్పుడు ఎంతొచ్చిందో చూసి ఇంటికి ఫోన్ చేశాను గానీ ఏమేం కోశారో చూడలేదు. రెండోది వచ్చాక పక్క సీటు సీనియర్ చూపించాడు, ఆ రెండు లైన్ల మీద పడిన కోత, రెండు చెక్కుల్లో కలిపి 390 డాలర్ల పైమాటే. పేరోల్‌కి ఐ-20 జత చేసి నాలుగు లైన్ల మెయిల్ పెడితే, పొరపాటైందని మూడో చెక్కులో తిరిగి కలిపేశారు. కలపకపోయి ఉంటే టాక్స్ శాఖకి రీఫండ్ కోసం ఫారం 843 పెట్టి నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. మీ మొదటి పే స్టబ్ రాగానే ఆ రెండు లైన్లు చూడండి, పక్కన సున్నా ఉండాలి.